ఐసుగాడు బాగుచేసిన మిషను

అమ్మ పోయిన ఏడాదే అతను అక్క ఇంటికి వచ్చి పడ్డాడు. అప్పటికింకా మీసం మొలవలేదు. అక్క మొగుడికి స్టేషను ఎదురుగా ఓ లాడ్జీ ఉండేది. పైన గదులు, కింద కౌంటరు, కౌంటరు వెనక తలుపు తీస్తే వాళ్ళ ఇల్లు. మెట్ల కింద మంచం వేయించి, "ఇదేరా నీ గది. అద్దె లేని లాడ్జీ ఇంకెక్కడైనా దొరుకుతుందా?" అన్నాడు బావ. అక్క నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వకపోతే అన్నం ఎలా దిగుతుంది?

ఫ్రిజ్‌లు బాగుచేసే షాపులో చేరి పని నేర్చుకున్నాడు. చేతికి పని బాగా పట్టుబడింది. బయట మెకానిక్ గారూ అని పిలిచేవాళ్ళు. ఇంట్లో మాత్రం బావ పెట్టిన పేరే నిలిచింది, ఐసుగాడు. "మా ఇంట్లో రెండు ఫ్రిజ్‌లండీ," అని దిగినవాళ్ళందరికీ చెప్పేవాడు బావ. "ఒకటి కరెంటుతో నడుస్తుంది, రెండోది అన్నంతో. కరెంటుదే నయం, అప్పుడప్పుడూ ఆగుతుంది."

బావని చెడ్డవాడని ఎవరూ అనరు. పెట్టే చెయ్యి పెద్దది. నోరు ఆ చేతికంటే పెద్దది, అంతే.

కౌంటరు పక్కన బావ తండ్రి కాలంనాటి కూల్‌డ్రింక్ మిషను ఒకటి ఉండేది. మనిషంత ఎత్తు, ఎర్ర రంగు, గుండ్రటి భుజాలు. నాణెం వేసి పిడి లాగితే సీసా దొర్లుకుంటూ కిందకి వచ్చేది. చల్లబరచడం మానేసి ఏళ్ళయింది. లాడ్జీ పెట్టి యాభై ఏళ్ళు నిండుతున్నాయని పదిమందిని పిలవాలనుకున్నప్పుడు బావకి దాని మీద చూపు పడింది.

"ఏరా ఐసూ, దీన్ని చల్లబరచగలవా? చల్లబడితే ఆ రోజునుంచీ నీ పేరు మార్చేస్తా."

నలుగురి ముందు అన్న మాట. అతను దాన్ని నిజంగానే తీసుకున్నాడు.

వెనక రేకు విప్పి చూస్తే కంప్రెసర్ బిగుసుకుపోయి ఉంది, చల్లదనమిచ్చే కాయిల్‌కి తుప్పు చిల్లులు. పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి అలాంటి కంప్రెసరే ఇంకోటి వెతికి తెచ్చాడు. చిల్లులు ఒక్కొక్కటే పూడ్చాడు. దానికి పట్టే గ్యాస్ ఇప్పుడు తయారు చెయ్యడం లేదు. మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీ ఒకటుంటే, అక్కడి వాచ్‌మన్ గడ్డం పట్టుకుని బతిమాలి, మూలన పడి ఉన్న సిలిండరు తెచ్చుకున్నాడు. ఒకసారి పట్టించడానికి సరిపోతుంది, రెండోసారికి చుక్క ఉండదు.

అంతా కుదిరింది గానీ ఒక్కచోట అనుమానం. సన్న గొట్టం వచ్చి కాయిల్‌కి కలిసేచోట ఒక నట్టు ఉంది. గోడవైపు మూలకి ఉండి కంటికి సరిగ్గా ఆనదు, తడుముకుంటూ బిగించాడు. అది గ్యాస్ కారుస్తుందేమోనని తిండి మధ్యలో లేచి వెళ్ళి సబ్బునురగ రాసి బుడగలు వస్తున్నాయా అని చూసేవాడు. "ఏరా, నీ నట్టుకి స్నానం చేయించొచ్చావా?" అనేవాడు బావ. ఆ భయం ఎక్కడుందో బావకి బాగా తెలుసు.

ఒక పొద్దున మిషను తీస్తే సీసా ఒళ్ళంతా చెమట పట్టి ఉంది. ఆ సీసా తీసుకెళ్ళి వంటింట్లో అక్క బుగ్గకి ఆనించాడు. "చచ్చానురా నాయనా!" అని అరిచి, చిన్నప్పటిలా అతని వీపు మీద ఒక్కటిచ్చి నవ్వింది. బావ ఒక సీసా తాగి, మూతి తుడుచుకుని, ఇంకో సీసా పట్టుకుని వెళ్ళిపోయాడు. మెచ్చుకున్నాడనుకున్నాడు పిచ్చివాడు.

పదిమందీ వచ్చే రోజు భోజనాలయ్యాక అక్క అతని చేతిలో కొత్త చొక్కా పెట్టింది. "మీ బావ కొన్నారు. వెళ్ళి గడ్డం గీయించుకుని, స్నానం చేసి వేసుకో. ఇవాళ అందరూ నిన్నే చూస్తారు."

అతను మంగలి షాపులో కూర్చున్నంతసేపట్లో జరగాల్సింది జరిగిపోయింది. బావ మిషను ఆపేసి తలుపు బార్లా తీశాడు. లోపలి చల్లటి సీసాలన్నీ వంటింట్లో ఐసు డబ్బాలోకి చేరాయి. పొద్దుటినుంచీ డాబా మీద ఎండలో పెట్టిన సీసాలు మిషన్లోకి ఎక్కాయి. సీసాలు అందించింది అక్కే. కాయిల్ చల్లబడే వ్యవధి లేకుండా, జనం గుమ్మంలోకి వస్తుండగా మళ్ళీ స్విచ్ వేశారు.

మొదటి సీసా రిటైరయిన స్టేషను మాస్టరుకి ఇచ్చారు. ఆయన ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "ఇదేమిటయ్యా, టీ పోశారా?"

హాలంతా గొల్లుమంది.

"చల్లబరచమంటే కాచిపెట్టావేమిట్రా?" అన్నాడు బావ.

అతను వెనక్కి వెళ్ళి చెయ్యి పెట్టాడు. మోటారు తిరుగుతోంది. కాయిల్ మాత్రం గోరువెచ్చగా ఉంది. "గ్యాస్ పోయినట్టుంది బావా," అన్నాడు.

"ఆ నట్టేనేమో చూడు. రోజూ దానికి నీళ్ళు పోశావుగా."

"అందరూ వెళ్ళాక చూస్తాను."

"ఇప్పుడే చూడరా. వీళ్ళూ నేర్చుకుంటారు."

కొత్త చొక్కాతోనే నేలమీద మోకరిల్లాడు. లోపల గ్యాస్ ఉందో లేదో ముందు మీటరు పెట్టి చూడాలని తెలుసు. కానీ భుజాల మీద అంతమంది వంగి, ఒకరు టార్చి పట్టుకుని, ఒకరు సలహా చెబుతూ ఉంటే చేతికి స్పానరే దొరికింది. గ్యాస్ ఎలాగూ లేదు కదా, గొట్టం నోరు చూసి మళ్ళీ బిగిద్దామనుకుని నట్టు తిప్పాడు.

బుస్సుమని తెల్లగా చిమ్మింది.

అందరూ వెనక్కి దూకారు. అతను దూకలేదు. నట్టు తిరిగి ఎక్కించబోయాడు, ఎక్కలేదు. పోతున్న గ్యాస్‌ని ఆపుదామని గొట్టం నోటికి వేళ్ళు అడ్డం పెట్టి నొక్కి పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే బావ వంటింట్లోంచి పళ్ళెంనిండా సీసాలతో వచ్చాడు. "ఇవిగోనండీ అసలువి! మావాడి మిషను పొద్దున్నే చల్లబరిచింది. నిక్షేపంలాంటి దాన్ని వాడే విప్పుకున్నాడు!"

నవ్వీ నవ్వీ కొందరికి పొలమారింది. సీసాలు చల్లగా ఉన్నాయని అందరూ ఒప్పుకున్నారు. బుస ఆగిపోయేదాకా అతను వేళ్ళు తియ్యలేదు. లేచి నిలబడ్డాక స్టేషను మాస్టరే చూశాడు. ఆ గ్యాస్ చలికి వేళ్ళు మైనంలా తెల్లగా గడ్డకట్టి ఉన్నాయి.

డాక్టరు కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తీసేశాడు. మిగతా వేళ్ళకి స్పర్శ లేదు. కట్టు మార్చడానికి వచ్చిన అక్కని అడిగాడు, "నీకు ముందే తెలుసా?"

"సరదాకి కదరా. నువ్వు అంత పని చేస్తావని ఎవరికి తెలుసు? మీ బావ ముందు మొహం మాడ్చుకుని కూర్చోకు, ఆయన బాధపడతారు."

బావ అన్నది ఒక్కటే. "చూడమన్నాను గానీ, విప్పమన్నానా?"

షాపువాడు ఇక రావద్దన్నాడు. బావ కౌంటరు దగ్గర కూర్చోబెట్టి గది తాళాలు ఇచ్చే పని అప్పగించాడు. చెయ్యి పాడైన బావమరిదిని వదిలెయ్యలేదని ఊరంతా బావనే మెచ్చుకుంది. మిషన్లోని కంప్రెసరూ కాయిలూ తుక్కు కింద పోయాయి, దాని పొట్టలో లాడ్జీ దుప్పట్లు సర్దారు.

వచ్చినవాళ్ళందరికీ బావ ఆ కథ చెప్పేవాడు. చెప్పగా చెప్పగా అది మారిపోయింది. ప్లగ్గు పీకేసి ఉందని కూడా చూసుకోకుండా విప్పేశాడు, అని చెప్పసాగాడు. అన్నీ భరించినవాడు ఇది మాత్రం భరించలేకపోయాడు. "అలా కాదండీ, మోటారు తిరుగుతూనే ఉంది," అని ఒకరోజు మధ్యలో అందుకున్నాడు. అతను చెబుతుంటే జనం ఇంకా ఎక్కువ నవ్వారు. అప్పటినుంచీ బావ, "నువ్వే చెప్పరా, నీ నోట్లోనే బాగుంటుంది," అనేవాడు. బస్సులో చుట్టాలొచ్చినా చెప్పాలి, గదుల్లో పెళ్ళి బ్యాండువాళ్ళు దిగినా చెప్పాలి.

కొన్నేళ్ళకి బావే సంబంధం చూసి పెళ్ళి చేశాడు. కుట్టుపని చేసుకునే మనిషి, మంచి మాటకారి. పెళ్ళిచూపుల్లోనూ కథ చెప్పించాడు బావ. అందరికంటే ఎక్కువ ఆమే నవ్వింది.

పెళ్ళయిన కొత్తలో, మెట్ల కింద మంచం మీద కూర్చుని అతని చొక్కాకి గుండీ కుడుతూ ఆమె అడిగింది.

"ఆ గ్యాస్ చేతికి తగిలినప్పుడు నీకు ఏమనిపించింది?"

ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. అతను కొసల్లేని వేళ్ళకేసి చూసుకుని, "సంతోషమేసింది," అన్నాడు. "గ్యాస్ నిండుగా ఉంది. నా నట్టు కారలేదు."

ఆమె అతని మొహంలోకి చూసింది. తర్వాత సూది పక్కన పెట్టి, పొట్ట పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. మర్నాడు వంటింట్లో అక్కకి చెప్పింది, అక్క బావకి చెప్పింది.

"ఈ ముక్క ఇన్నాళ్ళూ దాచావేమిట్రా?" అని బావ వీపు మీద చరిచాడు. ఆ రోజు గది తీసుకున్న వాళ్ళకి కథ చెప్పినప్పుడు, అతను ఆ ముక్క కూడా కలిపి చెప్పాడు.