థొమ్ పిన్ని చదివిన అంకెలు

ఖాంగ్ బ్యాటరీల కొట్టుకీ నా టీ బల్లకీ మధ్య ఒక్కటే గోడ. పొద్దున్నే ఆయన రేకు తలుపు ఎత్తిన చప్పుడు వినబడగానే నేను నీళ్లు పొయ్యి మీద పెడతాను. సముద్రపు కట్టను ఆనుకుని ఉన్న మా హాయ్ హౌ ఊళ్లో కరెంటు సైకిలు లేని ఇల్లు లేదు. ఉప్పు మడులకు వెళ్లేవాళ్లకీ, చేపల బజారుకు వెళ్లేవాళ్లకీ అదే బండి. అది మొరాయిస్తే ఖాంగ్ దగ్గరికి తోసుకొస్తారు.

ఆయనకు యాభై రెండో ఏట చూపు తగ్గింది. కంటిలో ఒత్తిడి పెరిగిందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నదాన్ని కాపాడుకోవాలనీ డాక్టరు చెప్పాడు. ముందు బ్యాటరీ మీటరు మీద వోల్టుల అంకెలు కనబడడం మానేశాయి. తర్వాత ఒకరోజు ఎర్ర తీగ తగిలించాల్సిన చోట నల్లది తగిలించాడు. చిటపటమని నిప్పురవ్వలు లేచాయి. అప్పటికప్పుడు తలుపు దించేసి వచ్చి నా పీట మీద కూర్చున్నాడు.

"ఇక చాలు. అంకె కనబడనివాడు బ్యాటరీ ఏం చూస్తాడు?" అన్నాడు.

అప్పుడే ఆయన భార్య థొమ్ బజారులో జిగురన్నం అమ్ముకుని ఖాళీ బుట్టతో వస్తోంది. సంగతి విని బుట్ట దించింది.

"నీకు కావాల్సింది అంకెలేగా? నాకు కళ్లున్నాయి. నువ్వు చెప్పు, నేను చదువుతాను."

"ఎరుపు తీగేదో నలుపు తీగేదో తెలుసా నీకు?"

"ముప్పై ఏళ్లుగా నీ చొక్కాలు ఉతుకుతున్నానయ్యా. మసేదో రంగేదో నాకు తెలియదా?"

మర్నాడు మళ్లీ కొట్టు తెరిచారు. బజారులో కేకలు వేసి వేసి అలవాటైన గొంతు ఆవిడది. మీటరు చదివితే వీధి చివరిదాకా వినబడేది. పదకొండు పాయింటు తొమ్మిది వోల్టులను పదకొండూ తొమ్మిది అనేది. "పంతులుగారి రెండో బ్యాటరీ, పదకొండూ తొమ్మిది!" అని అరిస్తే, "మెల్లగా పిన్నీ, నా రోగం ఊరందరికీ ఎందుకు?" అని పంతులుగారు బతిమాలుకునేవారు.

ఖాంగ్ ఆవిడకు ఓపిగ్గా నేర్పాడు. ఊరికే మీటరు పెట్టి చూసిన అంకెను నమ్మకూడదు. పాత కారు దీపపు బల్బు ఒకటి బ్యాటరీకి తగిలించి, అది వెలుగుతుండగా చూడాలి. అంకె ఎంత త్వరగా దిగితే బ్యాటరీ అంత చెడినట్టు. పదిన్నరకు దిగిందంటే అందులో చార్జి పూర్తిగా అయిపోయినట్టే. అక్కడే ఆపెయ్యాలి. ఇంకా లాగితే దాని ఆయుష్షే పోతుంది.

"బల్బు తీసేస్తే మళ్లీ పన్నెండు దాకా ఎక్కింది కదయ్యా?" అని ఆవిడ ఆశ్చర్యపోయింది.

"అది చార్జి కాదే. అలిసిపోయి ఊపిరి పీల్చుకుంటోంది, అంతే. మళ్లీ బరువు పెట్టి చూడు."

అలా రెండేళ్లు సాగింది. ఆ తర్వాత లియూ సంగతి జరిగింది.

లియూ మా ఆరోగ్య కేంద్రంలో మంత్రసాని. ఆమె బండిలోని నాలుగు బ్యాటరీలూ ఖాంగ్ దగ్గర కొన్నవే. ఒకరోజు మధ్యాహ్నం కట్ట మీద నుంచి బండి తోసుకుంటూ, ఎండకు కందిపోయిన మొహంతో వచ్చింది.

"బాబాయ్, ఇదేం పని? నెల కిందట చూపిస్తే నాలుగూ బాగున్నాయన్నారు. ఇవాళ కాన్పుకు వెళ్తుంటే సగం దారిలో ఆగిపోయింది. కాసేపు ఉంటే కదిలింది, మళ్లీ ఆగింది. మందుల సంచీ మోసుకుని మూడు కిలోమీటర్లు నడిచాను. నేను వెళ్లేసరికి పాపను వాళ్ల అమ్మమ్మే చేతుల్లోకి తీసుకుంది!"

"తల్లీబిడ్డా క్షేమమేనా?" అని అడిగాడు ఖాంగ్.

"క్షేమమే. నాకే గుండె జారిపోయింది."

ఆయన వాదించలేదు. నాలుగు బ్యాటరీలూ విప్పించి, నిండా చార్జి పెట్టించి, సాయంత్రం ఒక్కోదానికీ బల్బు తగిలించమన్నాడు. మొదటి రెండూ నిలిచాయి. మూడోదాని దగ్గర థొమ్ గొంతు మారింది.

"పన్నెండూ ఐదు... పదకొండూ ఎనిమిది... పదకొండు..." ఐదు నిమిషాలు కాకముందే, "పదిన్నర," అంది మెల్లగా. ఆవిడ మెల్లగా మాట్లాడడం నేను వినడం అదే మొదలు.

నాలుగోదీ నిలిచింది. మిగతా మూడింట్లో బలం ఉండగానే ఆ మూడోదొక్కటీ అడుగంటుతోంది. హ్యాండిల్ మీది మీటరు నాలుగింటి మొత్తాన్నే చూపిస్తుంది కాబట్టి లియూకు తెలియలేదు.

"థొమ్, నెల కిందట దీనికి బల్బు పెట్టావా?" అడిగాడు ఖాంగ్.

నా బల్ల దగ్గర నలుగురు కూర్చుని ఉన్నారు. ఆవిడ అబద్ధం ఆడొచ్చు. ఆడలేదు.

"పెట్టలేదు. ఆ రోజు వరసలో పదిమంది ఉన్నారు. మీటరు పన్నెండూ ఆరు చూపించింది, బాగుందనేశాను. అమ్మా లియూ, తప్పు నాది."

ఖాంగ్ చెయ్యి చాచి ఆవిడ మోచెయ్యి వెతికి పట్టుకున్నాడు. "బల్బు వెలిగిందో లేదో దాని వేడిని బట్టి నా అరచేతికి తెలుస్తుంది. పక్కనే ఉండి నేనైనా అడగాలి కదా. తప్పు ఇద్దరిదీనూ అమ్మా," అన్నాడు లియూతో.

కొత్తది పాతవాటితో కలవదు కాబట్టి, తన దగ్గరున్న పాతవాటిలో లియూ బ్యాటరీల వయసుదే ఒకటి వెతికి, మిగతా మూడింటితో సమానంగా బల్బు వెలిగిస్తోందని చూసుకుని మరీ బిగించాడు. లియూ కోపం అప్పటికే దిగిపోయింది. పోతూ పోతూ ఒక మాట అడిగింది:

"పిన్నీ, మా కేంద్రంలో ఆరుగురం ఇవే బండ్లు తొక్కుతాం. ఒకసారి వచ్చి ఇదంతా వాళ్లకు చెబుతావా?"

ఐదో తరగతి దాటని థొమ్ పెళ్లిళ్లకు మాత్రమే తీసే పట్టు జాకెట్టు వేసుకుని వెళ్లింది. నేను టీ బల్ల సర్దేసి ఖాంగ్‌ను చెయ్యి పట్టి తీసుకెళ్లి వెనక బెంచీలో కూర్చోబెట్టాను.

"ఆగి ఉన్నప్పుడు మీటరు చూడకండి. కట్ట ఎక్కుతున్నప్పుడు చూడండి. అప్పుడు ముల్లు ఎరుపులోకి పడిందా, వెనక్కి తిరగండి," అంది.

ఒక నర్సు లేచింది. "ఆగిపోయాక పది నిమిషాలుంటే మళ్లీ నడుస్తుందిగా పిన్నీ?"

"నడుస్తుంది. రాత్రంతా డ్యూటీ చేసిన నిన్ను పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ పొమ్మంటే పోవూ? పోతావు. అలా ఎన్నాళ్లు పోతావు?"

గదంతా నవ్వింది. ఖాంగ్ అందరికన్నా గట్టిగా నవ్వాడు.

"ఎలా చెప్పాను?" అని తిరిగి వచ్చే దారిలో ఖాంగ్‌ను అడిగింది థొమ్.

"గొంతు కాస్త తగ్గించాల్సింది."

"నీకు వినబడాలని కదయ్యా!"

ఇప్పుడు థొమ్ జిగురన్నం అమ్మడం మానేసి పూర్తిగా కొట్లోనే ఉంటోంది. వరసలో ఎంతమంది ఉన్నా బల్బు వెలగనిదే ఏ బండినీ వదలదు. కిందటి నెల ఖాంగ్ బోర్డుకు కొత్త రంగు వేయించి, తన పేరు పక్కన ఆవిడ పేరు రాయమన్నాడు. ఆరకముందే రెండు పేర్ల మీదా వేళ్లతో తడిమి చూసి, "ఆవిడది చిన్నగా రాశావేంటయ్యా? చెరిపి మళ్లీ రాయి," అన్నాడు రంగు వేసేవాడితో.