దుంగకు తగ్గ రంపం

వేసవి గాలిదుమారానికి మా గేటు ముందున్న మద్ది చెట్టు కూలింది. పక్కకు పడలేదు. మాను నిలువునా రెండు స్తంభాల మధ్యకు వచ్చి పడుకుంది. ఇరువైపులా జానెడు సందు మిగిలింది. పిల్లి దూరుతుంది, మనిషి పట్టడు.

మరునాడు మధ్యాహ్నంలోగా నేను ఖమ్మంలో గుమాస్తా ఉద్యోగంలో చేరాలి. చేరకపోతే అది ఇంకొకరికి పోతుంది. భూములు పోయాక మా ఇంటికి రానున్న మొదటి జీతం అదే.

పెరటి తలుపు ఉంది. కానీ మా ఇంటి మగవాళ్లు పెరటి దారిన బయటికి వెళ్లరు. అది బర్రెల దారి. దుంగ ఎక్కి దూకడం దొంగల పని. ఈ విషయంలో నాన్నగారికీ నాకూ ఎన్నడూ భేదం లేదు.

తెల్లవారగానే బూర్గంపాడు నుంచి చెట్లు కోసే మిషన్ అతను రెండు మిషన్లతో వచ్చి, దుంగకు అవతల నిలబడి మూరతో కొలిచాడు.

"మూడడుగుల లావుంది దొరా. గీ చిన్నది చాలు. ఆ పక్క సగం, ఈ పక్క సగం కోస్త."

"సగం సగం ఏందిరా?" అన్నారు నాన్నగారు. "మా తాత నాటిన చెట్టు. ఒక్క కోతకు తెగాలె. పెద్దది తియ్."

"పెద్దదాని పట్టీనే నాలుగడుగులు, ఎనక ఇంజను. స్తంభాల నడుమ పట్టదు దొరా."

"మాను పెద్దదైతే రంపం చిన్నదెట్లయితది?" అన్నాను నేను.

అతను నన్ను చూశాడు, స్తంభాన్ని చూశాడు. "గట్లయితే స్తంభం తియ్యాలె."

నాన్నగారు గడ్డపార తెమ్మన్నారు. ఇస్త్రీ చొక్కా విప్పి మేకుకు తగిలించి, ముత్తాత కట్టించిన స్తంభాన్ని నేనే కూలగొట్టాను. దాని మీది సున్నపు సింహాన్ని నాన్నగారు ముందే దించి చంకలో పెట్టుకున్నారు.

"బర్రె పొద్దుగాలనే పోయి కడుపునిండ మేస్తున్నది," అంది అమ్మ వరండాలోంచి. "మీరింక గిక్కడ్నే ఉన్నరు."

స్తంభం పోయాక దుంగ పక్కన మనిషి పట్టే దారి పడింది. మిషన్ అతను దాన్లోంచే లోపలికి నడిచొచ్చి మంచినీళ్లు అడిగాడు. తాగి, మూతి తుడుచుకుని అన్నాడు.

"దారైంది గద దొరా. ఇంక కొయ్యాల్నా?"

నేనూ నాన్నగారూ ఆ సందు వైపు చూశాం. అది గేటా, గోడకు పడిన కన్నమా? కన్నమైతే పెరటి తలుపే నయం. రోడ్డు మీద ఖమ్మం బస్సు హారన్ వినిపించింది. నాన్నగారు సింహాన్ని ఇంకో చంకలోకి మార్చుకున్నారు.

"స్తంభం ఉన్న జాగ గేటుదే," అన్నారు చివరికి.

చొక్కా తొడుక్కుని, తల వంచకుండా బయటికి నడిచాను. వెనక నాన్నగారి గొంతు వినబడింది. "కొయ్. ఒక్కటే కోత."

నేను బస్సెక్కేదాకా పెద్ద మిషన్ మోత ఆగలేదు. మధ్యాహ్నానికి ముందే ఉద్యోగంలో చేరాను.

మిషన్ ఎంచుకోవడం మాకు తెలియలేదని ఊళ్లో ఇప్పటికీ అంటారు. రంపం సరైనదే. స్తంభాలే ఇరుకుగా కట్టారు.