చైన్ ఒక్కటే కొన్న తెలివి

పటాన్‌చెరు సైకిల్ దుకాణంలో పద్నాలుగు వందల సెట్టును విడగొట్టించి, సైకిల్ చైన్ ఒక్కటే మూడు వందలకు కొన్న మొనగాణ్ణి నేను. కిరాణా గల్లా పక్కన పెరిగినవాణ్ణి కదా, జత కట్టి అమ్మేది దుకాణదారుడి లాభానికేనని నాకు తెలుసు. మా నాన్న సబ్బులను అట్లాగే అమ్మేవాడు.

"అన్నా, ముందటి పండ్ల చక్రం, ఎనక ఫ్రీవీల్ గూడ అరిగినయ్. మూడు ఒక్కసారే మార్చాలె. బిగించుడు ఫ్రీ" అన్నాడు దుకాణదారుడు.

"నాకే చెప్తున్నవా భాయ్? చైన్ ఇయ్యి, చాలు."

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ షిఫ్టుకు పోతూ, హైవే మీదికి ఎక్కే ఎత్తులో లేచి నిలబడి తొక్కాను. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ టకటకా జారింది. పెడల్ ఉత్తగా తిరిగింది, నేను రోడ్డు మీద పడ్డాను. లారీ చక్రం నా మోచేతికి జానెడు దూరంలో ఆగింది. డ్రైవర్ తిట్టిన తిట్లేవీ వినపడలేదు. ఆ పూటకు షిఫ్టు పోయినట్టే.

సైకిల్ నడిపించుకుంటూ వెళితే దుకాణదారుడు నా చిరిగిన చొక్కా చూశాడు. "ఏంది అన్నా, గిట్లయింది? కూసో, జెర నీళ్లు తాగు."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అడిగినంత ఇచ్చాను. నిన్నటి చైన్ మూడు వందలు, ఫ్రీవీల్ ఆరు వందల యాభై, ముందటి చక్రం ఎనిమిది వందలు, బిగింపు నూట యాభై, పోయిన సగం రోజు జీతం నాలుగు వందలు. పద్నాలుగు వందల సెట్టుకు మొత్తం రెండు వేల మూడు వందలు.