చాలదన్న నాలుక

"నేను అడిగేది ఒక్కటే. బాత్రూంలో ఆ చీమలు ఎందుకు పడుతున్నాయి?"

"చీమలకి పనేముంది, పడతాయి. మీకూ పనేం లేనట్టుంది, వాటిని చూస్తూ కూర్చున్నారు."

"నువ్వు వెళ్ళొచ్చాకే పడుతున్నాయి. నేను వెళ్తే పడట్లేదు, తమ్ముడు వెళ్తే పడట్లేదు."

"మీరిద్దరూ చేదు మనుషులు మరి. నన్నేం చెయ్యమంటారు?"

ముందుగదిలో బూట్ల తాళ్ళు కట్టుకుంటున్న మరిదికి నవ్వొచ్చింది. వంటగదిలో అన్న మాత్రం నవ్వలేదు. గ్లాసు ఠంగుమని గట్టు మీద పెట్టిన చప్పుడైంది.

"కాలి పుండు సంగతేంటి? ఎన్నాళ్ళయింది? డాక్టరు దగ్గరికి పద."

"కుక్క కరిస్తే డాక్టరు గానీ, చెప్పు కరిస్తే ఎందుకండీ?"

ఆ మాటతో వదిన బయటికొచ్చేసింది. ఎడమకాలి మీద బరువు పడకుండా నడిచి, బండెక్కి, "పోనీయ్, అబ్బాయ్" అంది. పోట్లాటలో ఆమెదే పైచెయ్యి. ఎప్పుడూ అంతే.

ఆమె నాలుకతో బతుకుతుంది. నోరు పెట్టుకుని బతికేవాళ్ళు లోకంలో బోలెడుమంది ఉన్నారు గానీ, ఈమె సంగతి వేరు. రకరకాల సిరప్‌ల మీద పరిశోధన చేసే ల్యాబులో రుచి చెప్పడం ఆమె ఉద్యోగం. మొక్కజొన్న పిండి నుంచి తీసింది, చెరకు నుంచి తీసింది, రెండూ కలిపింది, ఇలా ఎన్నో. ఏ సిరప్‌లో ఎంత చక్కెర ఉందో యంత్రం చెప్తుంది. అది మనిషికి ఎంత తియ్యగా తగులుతుందో చెప్పడానికి మాత్రం మనిషే కావాలి. రుచి చూసేవాళ్ళను ఎంపిక చేస్తున్నారని తెలిసి పక్కింటావిడ వెళ్తుంటే ఈమె తోడు వెళ్ళింది. తోడు వెళ్ళినామెను ఉంచుకుని పక్కింటావిడను ఇంటికి పంపించారు. ఇప్పటికీ ఇద్దరికీ మాటల్లేవు.

చదువు మధ్యలో ఒదిలేసి గోళ్ళు గిల్లుకుంటున్న మరిదిని అక్కడికి లాక్కొచ్చింది కూడా వదినే. "ఇంట్లో కూర్చుని తినేదేదో అక్కడ కూర్చుని తిను" అంది. ఆమె చెప్పింది గనుక కాదనలేక తీసుకున్నారు.

ఆ గదిలో మనిషికో అర ఉంటుంది. రంగు చూసి మోసపోకుండా పైన ఎర్ర దీపం. ఎదురుగా చిన్న తలుపులోంచి చిన్న గ్లాసులు వస్తాయి. గుక్క నోట్లో తిప్పి, ఉమ్మేసి, నీళ్ళతో పుక్కిలించి చెప్పాలి. వదిన ఉమ్మదు. "గొంతు దిగితేగానీ తీపి తేలదు" అని ఆమె సిద్ధాంతం. మొదట్లో ఒకరిద్దరు వారించారు. ఆమె చెప్పింది చెప్పినట్టు తేలుతుంటే వాళ్ళే నోరు మూసుకున్నారు. గ్లాసులు సర్దే ముసలాయన ఆమె ఉమ్ముగిన్నె పొడిగా తీసుకెళ్తూ, "చల్లని తల్లి, నాకు కడిగే పని లేకుండా చేసింది" అని నవ్వేవాడు. ఇన్నేళ్ళ సిరప్ అంతా ఎక్కడికి పోయిందని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నడుస్తున్నది పిల్లల మందు పని. పరమ చేదు మందు అది. ఎంత మొక్కజొన్న సిరప్ కలిపితే ఆ చేదు మరుగుపడుతుందో తేల్చాలి. ఆ రోజు మరిది గుక్క నోట్లో పోసుకున్నాడో లేదో, పళ్ళు జివ్వుమన్నాయి. వెతికినా చేదు దొరకలేదు. చెంచాతో ఎత్తితే జారనంటూ వేలాడుతోంది ఆ మందు.

తర్వాత బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ల్యాబు నడిపే పెద్దమేడం అందరినీ అడిగింది. మరిది "ఎక్కువైంది" అన్నాడు. మిగతావాళ్ళూ అదే అన్నారు. ఆవిడ అందరి మాటా విని చివరికి వదిన వైపు తిరిగింది.

"చాలదు మేడం. అడుగున చేదు ఉండనే ఉంది."

"విన్నారా? అడుగు దాకా వెళ్ళాలంటే అలాంటి నాలుక కావాలి. ఇంకా పెంచండి."

కిందటిసారీ అంతే. అంతకుముందూ అంతే. ఎర్ర దీపం వెలుగు పోయినా మరిదికి వదిన మొహం ఎర్రగానే కనిపించింది. ఇంట్లో ఆమె టీలో చక్కెర మీద చక్కెర వేసుకోవడం, చప్పగా ఉందని పక్కకి నెట్టేయడం గుర్తొచ్చాయి.

లేచేముందు పెద్దమేడం అంది: "రేపు ఏటా చేసే పరీక్ష. అందరూ పొద్దుటి మూత్రం పట్టి తేవాలి. షుగర్ ఉన్నవాళ్ళు ఈ గదిలోకి రాకూడదు, తెలుసుగా."

దారిలో వదిన బండి ఆపించింది. సీసాడు నీళ్ళు గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, "ఏంటి మరిదిగారు, మూతి ముడుచుకున్నారు?" అంది.

"అందులో నిజంగా చేదుందా వదినా?"

ఒక లారీ దుమ్ము లేపుకుంటూ పోయింది.

"తెలియట్లేదు" అంది. "నోట్లో దూది కుక్కినట్టుంటోంది. ఏది పెట్టినా అంతే."

"మరి చాలదని ఎందుకన్నావు?"

"తెలియట్లేదని చెప్పమంటావా? 'చాలదు' అంటే ఎవరూ తప్పు పట్టరు, అబ్బాయ్. 'సరిపోయింది' అన్నప్పుడే పట్టుబడతాం."

"పసిపిల్లలు తాగుతారు వదినా అది!"

"తీపేగా, విషం కాదుగా!" అని కసిరింది. ఆ వెంటనే గొంతు తగ్గించింది. "ఈ మందొక్కటి కానీయ్, నేనే మానేస్తా. ఆ గదిలో నేను నోరు తెరిస్తే చదువుకున్నవాళ్ళంతా ఆగి వింటారు. ఇంకెక్కడ వింటారు చెప్పు? వాళ్ళు వెళ్ళగొడితే, మీ అన్న ఆస్పత్రిలో పడేస్తే, కాలు చూస్తారు, కళ్ళు చూస్తారు. ఇక నేను రోగిని, అంతే."

"డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తా. ఇప్పుడే పద."

ఆమె వినిపించుకోలేదు. సంచిలో చెయ్యి పెట్టి మూత ఉన్న చిన్న సీసా తీసింది. శుభ్రంగా కడిగి ఉంది. మరిది చెయ్యి పట్టుకుని అందులో పెట్టి, వేళ్ళు తనే మూసింది. ఆమె అరచెయ్యి కాలుతోంది.

"పొద్దున లేవగానే నీ సీసాతో పాటు ఇందులో కూడా నీదే పట్టి ఇవ్వు. మీ అన్న లేవకముందే. పైన పేరు నేను రాసుకుంటాను."