మరక కాదు

తొంభైల చివర్లో మేం కిరాయికున్న ఇంటి పై వాటాలో, అనంతపురం నుంచి వచ్చిన రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ ఒకాయన ఉండేవారు. ఎండాకాలం శనివారాల్లో చీకటి పడగానే మమ్మల్ని ఊరి చివరున్న ఖాజాగూడ బండల మీదికి తీసుకెళ్లి టెలిస్కోపు నిలబెట్టేవారు. మేం చూస్తున్నంతసేపూ మా రెండో కన్నును తన అరచేత్తో మూసి ఉంచడం ఆయన అలవాటు.

మొదటిసారి నాకు కోడిగుడ్డు ఆకారంలో ఒక మసక మచ్చ కనిపించింది. ఆఫీసులో మానిటర్ తుడిచినట్టే చొక్కా అంచుతో అద్దం తుడవబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"తుడవద్దప్పా, అది మరక కాదు. దీర్ఘవృత్తాకార గెలాక్సీ. కొత్త చుక్కలు పుట్టేదానికి దాంట్లో వాయువు మిగల్లేదు. దాదాపు అన్నీ ముసలి చుక్కలే. అయినా వెలుగుతానే ఉండాయి."

మరుసటి ఎండాకాలానికి మా ఆఫీసు ఆ బండలకు ఎదురుగా లేచిన కొత్త భవనంలోకి మారింది. దాని అంతస్తులన్నీ రాత్రంతా వెలిగేవి. ఒక శనివారం ఆయన చాలాసేపు వెతికినా మచ్చ దొరకలేదు.

"ఆ వెలుతురు మా ఆఫీసుదే సార్," అన్నాను.

ఆయన టెలిస్కోపు ముందు నన్ను కూర్చోబెట్టి, ఈసారి నా కన్ను మూయకుండా, ఆ భవనం వైపు అరచెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డారు.

"చూడప్పా. అది యాడికీ పోలేదు."