ప్రింటరులో చిక్కుకున్న మూడు పేజీలు

నేను పనిచేసే జిరాక్స్ షాపు గార్లదిన్నె బస్టాండుకు ఎదురుగా ఉంటుంది. ఆ రోజు పొద్దున షాపు తెరిచాక నేను చేసిన మొదటి పని దొంగపని.

తొమ్మిదో తరగతి నుంచి డైరీ రాస్తున్నాను. ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు. నా మాటల్ని పుస్తకంలో మాదిరి అచ్చులో ఒక్కసారి చూసుకోవాలని కోరిక. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో మూడు పేజీలు టైపు చేసి పెట్టుకున్నాను. యజమాని ఇంకా రాలేదు కదా అని ప్రింటు కొట్టాను.

ప్రింటరు లైటు వెలిగింది. లోపల ఇంకు మోసే బండి వేలెడంత కదిలి కిర్రుమంది. లైటు ఆరిపోయింది. మళ్ళీ బటను నొక్కితే మళ్ళీ వేలెడు, మళ్ళీ కిర్రు. మూడోసారికి అదీ లేదు.

ఆ మూడు పేజీలు ఎవరి గురించో చెప్పాలి. మా యజమాని గురించే. గిరాకీ మెట్లు దిగగానే, నేనొక మనిషిని కూర్చుని ఉన్నానని గుర్తులేనట్టు ఫ్యాను ఆపేస్తాడని రాశాను. దేవుడి పటం ముందు అగరబత్తి సగం కాలగానే ఆర్పి, సాయంత్రం పూజకు దాస్తాడని రాశాను. నవ్వు వస్తే దగ్గుగా మార్చుకుంటాడని కూడా రాశాను.

కంప్యూటరులో ఆ ప్రింటును రద్దు చేశాను. ‘డిలీటింగ్’ అని చూపించి అక్కడే నిలబడిపోయింది. కంప్యూటరు ఆపి, తిరిగి ఆన్ చేశాను. మళ్ళీ అదే మాట, అదే చోట. ప్రింటరుకు ఎప్పుడు ప్రాణం వస్తే అప్పుడు ముందు నా పేజీలే వస్తాయని అర్థమైంది.

అంతలో యజమాని వచ్చాడు. ఆయన వెనకే ఒక పెద్దాయన. శెనక్కాయ పంటకు బీమా దరఖాస్తు ఆ రోజే ఆఖరు. రెండు బస్సులు మారి వచ్చాడు.

“ఏమప్పా శెట్టీ, ఒగ కాయితానికి ఎంతసేపు?” అన్నాడు కుర్చీలో కూర్చుంటూనే.

“ఇంగా మొదులే పెట్టల్యా పెద్దాయనా,” అన్నాడు యజమాని. నేను దరఖాస్తు నింపి ప్రింటు కొట్టాను. అది నా మూడు పేజీల వెనక బుద్ధిగా నిలబడింది.

లైటు లేదని చూసి యజమాని ప్లగ్గు పీకి, అదే సాకెట్లో ఫోను చార్జరు పెట్టాడు. ఫోను చార్జి అయింది. “కరెంటు ఉండాది,” అన్నాడు. తర్వాత ఇంటికి పోయి పాత టేప్ రికార్డరు వైరు తెచ్చి ప్రింటరుకు తగిలించాడు. అదీ దానికి సరిపోయింది, కానీ లైటు రాలేదు.

“అనంతపురం పంపిద్దామన్నా,” అన్నాను. ఏడాదిలో నేనాయనకు ఇచ్చిన మొదటి సలహా అదే.

“తొందరపడొద్దు పాపా,” అన్నాడు పెద్దాయన. “బోరు మోటారు తిరగల్యా అని నేను ఒగసారి తొందరపడి, ఆరునూర్ల అడుగుల పైపంతా పైకి తీపిచ్చినా. మోటారు బంగారం మాదిరుండాది. యాడుందో తెల్సునా తప్పు? స్టార్టరు డబ్బాలో. బల్లి పడి సచ్చింటే.”

“ప్రింటర్లో బల్లి యాడుంటాది పెద్దాయనా?”

“స్టార్టర్లో ఉంటాదని నాకు మాత్రం ఎవురు చెప్పినారప్పా?”

యజమాని రోడ్డు దాటి మోటార్లు వైండింగ్ చేసే మిస్త్రీని పిలుచుకొచ్చాడు. మూడు రెవెన్యూ గ్రామాల మోటార్లు ఆయన చేతిమీద తిరుగుతాయి. ప్రింటరు మొదటిసారి. దాన్ని అటూ ఇటూ తిప్పి, “దీనికి ఫేజులెన్ని?” అని అడిగాడు. ఎవరూ నవ్వలేదు. యజమాని దగ్గాడు.

వైరు తీసి, వెనకున్న రెండు స్క్రూలు విప్పితే ప్రింటరుకు కరెంటు అందించే పెట్టె చేతికొచ్చింది. పెద్దాయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

“బల్లి ఉండాదా?”

“లేదు.”

“అయితే కష్టమే.”

మిస్త్రీ పెట్టెను విడిగా ఉంచి కరెంటు ఇచ్చి, మీటరు పుల్లలు ఆనించాడు. పెట్టె మీద ఏ అంకె అచ్చువేశారో మీటరులో సరిగ్గా అదే వచ్చింది.

“సప్లై నిగనిగలాడతాంది. బోర్డే పోయింటాది. అనంతపురమే గతి,” అన్నాడు.

నేను ఊపిరి పీల్చుకున్నాను. అనంతపురంలో నా పేజీలు ఎవరికీ కనపడవు, అవి ఉండేది ఈ కంప్యూటరులో కదా. ప్రింటరు తిరిగొచ్చేలోగా తీసేసే దారి కనుక్కోవచ్చు.

పెద్దాయన లేచాడు. పాసుపుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టుకున్నాడు. “పోనీలేప్పా. వాన రాల్యా, ఇది మాత్రం యాడొస్తాది,” అన్నాడు. కోపంగా అని ఉంటే నేను ఊరుకునేదాన్నే. మామూలుగా అన్నాడు.

లైటు మొదట వెలిగిందనీ, బండి కదిలినప్పుడే ఆరిందనీ నా ఒక్కదానికే తెలుసు. పని లేనప్పుడు అంకె బాగా చూపించి, పని పడితే చతికిలబడే పెట్టె అది. కానీ ఆ మాట చెబితే పొద్దున్నే నేను ప్రింటు కొట్టిన సంగతి బయటపడుతుంది. ప్రింటరు బాగైందా, మిగతాదీ బయటపడుతుంది.

పెద్దాయన ఒక మెట్టు దిగాడు.

“లోడు పెట్టి చూడండన్నా,” అన్నాను. ముగ్గురూ నావైపు తిరిగారు. “పొద్దున లైటొచ్చింది. బండి కదిలేతలికి ఆరిపాయ.”

“పొద్దున ఏం ప్రింటు తీస్తాంటివి?” అన్నాడు యజమాని.

“ఒగ కాయితమన్నా.”

మిస్త్రీ పెట్టెను ప్రింటరుకు కలిపి మళ్ళీ పుల్లలు ఆనించాడు. అంకె సగానికి పడిపోయింది. “అదీ సంగతి. పాపకున్న తెలివి నాకు లేకపాయ,” అన్నాడు. వైరు పీకి, పెట్టెలో మిగిలిన కరెంటును ఒక బల్బుకిచ్చి దించేశాడు. మూత తీస్తే, ఒక కండెన్సరు నెత్తి నూనెలో వేసిన పూరీలా ఉబ్బి ఉంది. తన కొట్లో మూలపడ్డ టీవీ డబ్బాలోంచి అలాంటిదే ఊడదీసుకొచ్చి అతికించాడు.

కంప్యూటరు వైరు పీకేద్దామని రెండుసార్లు లేచాను. ఆ వైరు ప్రింటరు వెనక, ప్రింటరు ముగ్గురు మగాళ్ళ మధ్య ఉంది. రెండుసార్లూ కూర్చున్నాను.

లైటు వెలిగింది. బండి ఈ చివర నుంచి ఆ చివరకు హాయిగా పోయింది. మొదటి కాగితం రాగానే పెద్దాయన రెండు చేతులా అందుకున్నాడు. కళ్ళకు దూరంగా పట్టుకుని చూసి యజమానికిచ్చాడు.

“అద్దాలు తేల్యా. సదువప్పా, పేరు సరిగా పడిందో లేదో.”

యజమాని గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. ఫ్యాను దగ్గర ఆగలేదు. అగరబత్తి దగ్గర, “థూ, ఈడేం మనిషప్పా,” అన్నాడు. దగ్గు దగ్గరికొచ్చేసరికి ఆయనకు నవ్వొచ్చింది. దగ్గాడు.

“ఎవురిదిది? అచ్చం మా బావ మాదిరే ఉండాడు. ఎవురో రాసుకొని మర్సిపోయినారు. ఎనకాల వచ్చిన ఆ రెండు పేజీలు కూడా తీసి పెట్టు పాపా, ఆదివారం మా బావకు సదివి ఇనిపిస్తా.”

మిస్త్రీ గోడవైపు తిరిగి స్క్రూలు లెక్కపెట్టుకుంటున్నాడు. నేను నేలవైపు చూస్తున్నాను.

నాలుగో కాగితంగా దరఖాస్తు వచ్చింది. పెద్దాయన దాన్ని రెండు సంచుల్లోనూ చుట్టుకుని, మెట్లు దిగేముందు నా బల్ల దగ్గర ఆగాడు. దేవుడి పటం ముందున్న సగం అగరబత్తిని చూశాడు. నన్ను చూశాడు.

“లోపల బల్లి ఉండాదని నేను పొద్దున్నించీ మొత్తుకుంటానే ఉండా గదా,” అని మెల్లగా చెప్పి బస్సుకు పోయాడు.

యజమాని ఫ్యాను ఆపేశాడు.