బొగ్గు కడుక్కున్న మర్నాడు

నా స్నేహితుడు పోయి నెల కావస్తోంది. వాళ్ళింటికి పరామర్శకు వచ్చినవాళ్ళంతా "ఒకరిని పల్లెత్తు మాట అనని మనిషి" అంటున్నారు. వింటుంటే నాకు ఒళ్ళు మండుతోంది. వాడు అన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

అవి యుద్ధం రోజులు. తిరుపతిలో బియ్యం దొరకడమే కష్టంగా ఉండేది. మా వీధి వ్యాపారి కొట్టులో మాత్రం బస్తాలు అటక దాకా ఉన్నాయని అందరికీ తెలుసు. ఆయన ముందు నోరెత్తేవాళ్ళు లేరు. అంతలో గంగజాతర వచ్చింది. జాతరలో వేషం కట్టినవాడు ఎవరిని ఎన్ని బూతులు తిట్టినా తప్పు లేదు. తిట్లు పడ్డవాళ్ళు అమ్మవారి దీవెన అనుకుని నవ్వి ఊరుకోవాలి. మావాడు ఒంటి నిండా బొగ్గుపొడి పూసుకుని, వేపమండ పట్టుకుని, ఆ వ్యాపారి గుమ్మం ముందు నిలబడి ఏకిపారేశాడు. వీధంతా నవ్వింది. ఆయనా నవ్వి, చేతులు జోడించి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ నవ్వే మావాడికి నచ్చలేదు. తిట్టును కూడా దీవెన కింద జమకట్టుకునే మనిషిని తిట్టి ఏం లాభం? మర్నాడు తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని మళ్ళీ ఆ గుమ్మం ఎక్కాడు. అలాంటి గుండె ఉన్నవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

"నిన్న తిట్టినోణ్ణి నేనేనన్నా," అన్నాడు మెల్లగా. "బూతులు జాతరతో సరి. మిగతాది ఈ పొద్దు కూడా చెప్తా ఉండా. వీధిలో పిల్లోళ్ళు పస్తులుండారు. నువ్వు బియ్యం దాసిపెట్టినావు."

ఈసారి ఆయన నవ్వలేదు.